ముఖానికి మట్టం ఎక్కడ?

భట్టిప్రోలులో ఓ పిల్లకి ఎత్తుపళ్ళు వస్తున్నాయని ఇంట్లోవాళ్ళకి అనుమానం తగిలితే ఎక్కే రైలు తెనాలి వైపే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు భట్టిప్రోలు బాపట్ల జిల్లాకి వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. పళ్ళ విషయంలో ఆ సరిహద్దుని ఎవరూ పట్టించుకోలేదు. క్లిప్పులు వేసే డాక్టరూ, దవడల ఎక్స్‌రే తీసే సెంటరూ తెనాలిలో ఉన్నాయి. కేసు కాస్త చిక్కుగా ఉంటే గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులోని సిబార్ దంత కళాశాలకో, విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలకో వెళ్ళవచ్చు. ఒక తరం కిందట ఈ చుట్టుపక్కల పళ్ళ డాక్టరంటే పళ్ళు పీకే మనిషి. ఇప్పుడు పదమూడేళ్ళ పిల్ల తల ఎక్స్‌రే పక్కవాటుగా కంప్యూటర్ తెర మీద పడుతుంది. దాని మీద గీతలు, కోణాలు, పక్కనే అంకెల పట్టీ. పరికరాల లెక్కలో మనం పెద్దగా వెనకబడి లేం. వెనకబడిన చోటు ఇంకొకటుంది: ఆ పిల్లని యంత్రం ముందు నిలబెట్టే పద్ధతి.

ఆ ఎక్స్‌రేని సెఫలోగ్రామ్ అంటారు, సెంటర్లో వాళ్ళకి 'సెఫ్'. తీసే తీరు సాధారణంగా ఇలా ఉంటుంది. పిల్లని యంత్రం కింద నిలబెట్టి రెండు చెవుల్లో రెండు చిన్న కడ్డీలు ఆనిస్తారు, ముక్కు మొదట్లో ఇంకో ఆనిక పెడతారు. తర్వాత టెక్నీషియన్ రెండడుగులు వెనక్కి వేసి చూసి, "గడ్డం కొంచెం దించు నాన్నా... ఆఁ, కదలకు" అంటాడు. చెవి రంధ్రం పైఅంచు నుంచి కంటిగుంట కింది అంచుకి ఊహించుకున్న గీత నేలకి సమాంతరంగా వచ్చేదాకా ఆ దించడం, ఎత్తడం సాగుతుంది. పుస్తకం అలాగే చెయ్యమంది కాబట్టి అతన్ని తప్పుపట్టడానికి లేదు. అడగవలసిన ప్రశ్న వేరు. ఆ పిల్ల బడి ఆవరణలో నుంచున్నప్పుడు, స్నేహితురాలితో మాట్లాడుతున్నప్పుడు తల అలాగే నిలుపుతుందా? నిలపకపోతే, గడ్డం వెనక్కి ఉందో ముందుకి ఉందో మనం తేలుస్తున్నది ఏ ముఖం చూసి?

ఆ ఊహాగీత పేరు ఫ్రాంక్‌ఫర్ట్ గీత. 1882లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మానవశాస్త్రవేత్తలు సమావేశమై దాన్ని ఖాయం చేశారు. వాళ్ళ ముందున్నవి ఎండు పుర్రెలు. రకరకాల పుర్రెల్ని ఒకే వాటంగా బల్ల మీద పెట్టి కొలవాలి, బొమ్మ గీయాలి. పుర్రె తనంతట తాను నిలబడలేదు కనక అందరూ ఒప్పుకునే గీత ఒకటి కావలసి వచ్చింది. బతికున్న మనుషులు సగటున తల నిలిపే తీరుకి అది దగ్గరగా ఉంటుందని కూడా చూసుకునే ఎంచుకున్నారు. ఆ పనికి అది మంచి గీతే. ఇంచుమించు ఆ రోజుల్లోనే మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలవాళ్ళ తలలూ ముక్కులూ కొలుస్తూ తిరిగాడు. తెలుగువాళ్ళ తలలూ ఆ లెక్కల్లో ఉన్నాయి. (భట్టిప్రోలు స్తూపాన్ని అలెగ్జాండర్ రే తవ్వించింది 1892లో. శిథిలాలకీ మనుషులకీ కొలబద్దలు మన వైపు దాదాపు ఒకేసారి దిగాయి.)

1931లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ ఎవరికి వారు తల ఎక్స్‌రేని కొలతకి పనికొచ్చేలా తీసే పద్ధతి ప్రకటించారు. ఎక్స్‌రే గొట్టం నుంచి తల నడిమికి 5 అడుగులు, చెవుల్లో కడ్డీలు, కదలని తల. ఆరేళ్ళ తర్వాత అదే పిల్లకి మళ్ళీ తీసినా రెండింటినీ పోల్చగలగాలి, అదీ ఆశయం. పుర్రెల గీత అలా బతికున్న పిల్లల మీదకి వచ్చింది. 1953లో స్టైనర్ ఇంకో గీతని వాడుకలోకి తెచ్చాడు. పిట్యూటరీ గ్రంథి కూర్చునే గుంట నడుమ నుంచి ముక్కు మొదలు దాకా సాగే గీత అది. ఎక్స్‌రేలో ఆ రెండు బిందువులూ తేలిగ్గా దొరుకుతాయి కనక ప్రపంచమంతా పాకింది. ఆ గీతతో మామూలుగా పై దవడకి 82 డిగ్రీలు, కింది దవడకి 80, తేడా 2. మన దగ్గర ఆర్థోడాంటిక్స్ (పళ్ళ వరస సరిచేసే వైద్యం) చదివిన వాళ్ళని నిద్రలో లేపి అడిగినా ఈ మూడంకెలు చెబుతారు.

ఈ రెండు గీతలకీ ఉన్న లోపం ఒకటే, రెండూ తల లోపలివి. తల ఒరిగితే అవీ ఒరుగుతాయి. పైగా ఒక్కొక్కరి తలలో ఒక్కో వాలులో ఉంటాయి. స్టైనర్ గీత ఫ్రాంక్‌ఫర్ట్ గీతకి 7 డిగ్రీల వాలులో ఉంటుందని పాఠాల్లో చెబుతారు, అది సగటు మాత్రమే. నిజమైన నిలువుతో పోల్చి చూస్తే ఈ గీతలు మనిషికీ మనిషికీ 5, 6 డిగ్రీల ప్రామాణిక విచలనంతో మారతాయి. అంటే 10 డిగ్రీల తేడా ఉన్న ఇద్దరు మామూలు మనుషులు ఒకే వీధిలో దొరకడం వింతేమీ కాదు. గోడ వాలిందేమో చూడటానికి ఏ తాపీ మేస్త్రీ అయినా పైనుంచి గుండు వదులుతాడు. ఆ గోడకే మేకులు కొట్టి బిగించిన చెక్కని ఆధారం చేసుకోడు. ముఖం విషయంలో మనం చేస్తున్నది ఆ రెండో పని.

డిగ్రీలంటే చాలామందికి అంచనా దొరకదు, మిల్లీమీటర్లలో చూద్దాం. ముక్కు కింద పై పెదవి మొదలయ్యే చోటు నుంచి గడ్డం మొనకి పెద్దవాళ్ళలో సుమారు 50 మిల్లీమీటర్లు ఉంటుంది. తల 5 డిగ్రీలు ఒరిగితే అంత దూరంలో ఉన్న గడ్డం 4 మిల్లీమీటర్లకి పైగా ముందుకో వెనక్కో జరిగినట్టు కనిపిస్తుంది. కళ్ళ నడుమ ముక్కు మొదలు నుంచి కొలిస్తే దూరం 110 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కనక జరుగుడు 9 మిల్లీమీటర్ల పైమాటే. దవడ సర్జరీలో ఎముకని కోసి ముందుకి తెచ్చే దూరమే చాలాసార్లు ఐదారు మిల్లీమీటర్లు. నాలుగు మంచి పళ్ళు తీసేసి క్లిప్పులు వేయాలా, తీయకుండా వేయాలా అన్న నిర్ణయం ఒక్కోసారి అంతకంటే చిన్న తేడా మీద ఆగుతుంది. పీకిన పన్ను తిరిగి రాదు.

ఈ తిరకాసు అమెరికాలో ముందుగా కనిపెట్టిన వాళ్ళలో డౌన్స్ ఒకడు. సెఫలోమెట్రీకి, అంటే ఈ తల ఎక్స్‌రే కొలతలకి, తొలి ప్రమాణాల పట్టీ తయారుచేసినదీ ఆయనే. 1956లో ఆయన తన పద్ధతిలోనే ఉన్న ఇబ్బందిని బయటపెట్టాడు. కొందరు పిల్లల్లో ఎక్స్‌రే అంకెలు ఒకటి చెబుతుంటే ముఖం ఇంకోటి చెబుతోంది. ఫ్రాంక్‌ఫర్ట్ గీత నేలకి సమాంతరంగా లేని మేరకి లెక్క సవరిస్తే ఆ తగువు చాలావరకు తీరిపోయింది. తాను పెట్టిన పట్టీని తానే సవరించుకోవడానికి ఆయనకి ఎనిమిదేళ్ళు పట్టింది. మనం ఆ పట్టీని తెచ్చుకున్నంత శ్రద్ధగా ఆ సవరణని తెచ్చుకోలేదు.

రెండేళ్ళకి, 1958లో, బోస్టన్‌లో మూరీస్, కీన్ ఒక వ్యాసం ప్రచురించారు. మూరీస్ డచ్ దేశంలో పుట్టి హార్వర్డ్‌లో స్థిరపడ్డ దంతవైద్యుడు, అలూషియన్ దీవుల జనం పళ్ళ మీద పుస్తకం రాసినవాడు. మనిషి తీరుబడిగా నిలబడి, దూరంగా కళ్ళ ఎత్తున ఉన్న బిందువుని చూస్తున్నప్పుడు తల ఉండే స్థితే కొలతకి ఆధారం కావాలని ఆ ఇద్దరూ వాదించారు. ఈ ఆలోచన కొత్తది కాదు. చూపు నేలకి సమాంతరంగా ఉన్నప్పుడే తల సహజ స్థితిలో ఉన్నట్టు అని ఫ్రాన్స్‌లో బ్రోకా 1862లోనే నిర్వచించాడు. మూరీస్, కీన్ కొత్తగా చేసింది పరీక్ష. అదే మనిషిని వేరే రోజున మళ్ళీ నిలబెడితే తల మళ్ళీ అక్కడికే వస్తుందా? వస్తుంది, సుమారు 2 డిగ్రీల తేడాతో. లోపలి గీతలు మనిషికీ మనిషికీ 5, 6 డిగ్రీలు మారుతున్నచోట ఈ 2 డిగ్రీలు తక్కువ ఖరీదైన పొరపాటు.

కోపెన్‌హాగెన్‌లో సోలో, టాల్‌గ్రెన్ 1971లో ఈ పనిని ఇంకా నిదానంగా చేశారు. నిలబడ్డ మనిషిని తల పైకీ కిందకీ ఊపమంటారు. ఊపు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ పోయి, ఎక్కడ హాయిగా ఉందనిపిస్తే అక్కడ ఆపమంటారు. అది స్వీయ సమతుల్యం. తర్వాత ఎదురుగా అద్దం పెట్టి తన కళ్ళలోకి తనే చూసుకోమంటారు. అద్దం ఉన్నప్పుడు తల సగటున 3 డిగ్రీలు పైకి లేస్తుందని వాళ్ళు గమనించారు. కాబట్టి ఏ పద్ధతిలో తీశామో రాసిపెట్టాలి, రెండింటినీ కలపకూడదు. చెవి కడ్డీలని వాళ్ళు పారేయలేదు. తల కుదుటపడ్డాక పక్కకి తిరగకుండా ఊరికే తాకేలా ఉంచారు. ఫిల్ము ముందు ఒక సన్నని లోహపు గొలుసు వేలాడుతుంది. ఎక్స్‌రేలో అది తెల్లటి నిలువు గీతగా పడుతుంది, ఇక కొలతలన్నీ దానితోనే. మొత్తం తతంగానికి అదనంగా పట్టేది నిమిషమో రెండు నిమిషాలో.

హాంకాంగ్ కథ నాకు ఇంకా నచ్చుతుంది, అక్కడివాళ్ళు మనలాగే వేరేవాళ్ళ పట్టీతో మొదలుపెట్టారు కనక. 1980ల్లో కుక్, వెయ్ అక్కడి 12 ఏళ్ళ చైనా పిల్లల్ని అద్దం ముందు నిలబెట్టి ఎక్స్‌రేలు తీశారు. తెల్లవాళ్ళ ప్రమాణాలు పక్కనపెట్టి, నిజమైన నిలువూ అడ్డమూ ఆధారంగా దక్షిణ చైనా పిల్లలకి తగిన ప్రమాణాలు కట్టారు. అక్కడితో ఊరుకోలేదు. కొద్ది నిమిషాల తర్వాత, గంటల తర్వాత, నెలల తర్వాత, 5 ఏళ్ళకి, చివరికి 15 ఏళ్ళకి మళ్ళీ తీశారు. 15 ఏళ్ళ ఫలితం 1999లో అచ్చయింది. అప్పటికి దొరికినవాళ్ళు కొద్దిమందే. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ముఖాలు పెరిగాయి, దవడలు మారాయి, తల నిలిపే తీరు మాత్రం సుమారు 2.2 డిగ్రీల తేడాతో అలాగే ఉంది. పన్నెండేళ్ళప్పుడు తల ఎలా నిలిపారో ఇరవయ్యేడేళ్ళప్పుడూ ఇంచుమించు అలాగే నిలిపారు. మన దగ్గర ఒక పరిశోధన మొదలుపెట్టినవాళ్ళే పదిహేనేళ్ళ తర్వాత అదే గదిలో ఉండటం అరుదు. బదిలీలు, కాలేజీలు మారడాలు, ఫైళ్ళు గోడౌనుకి చేరడాలు. యంత్రాలు కొనడానికి దొరికే ఉత్సాహం రికార్డులు దాచడానికి దొరకదు.

అలాగని ఈ సంగతి మనవాళ్ళకి తెలియదనుకోవద్దు. ఆర్థోడాంటిక్స్ పాఠ్యపుస్తకాల్లో దీనికి చోటుంది, ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) విద్యార్థులు దీని మీద సెమినార్లు ఇస్తారు. పరీక్షలో రాసిన జవాబు ఎక్స్‌రే గదిదాకా నడిచి రావడమే తక్కువ. డాక్టరు ఒకచోట, ఎక్స్‌రే సెంటరు ఇంకోచోట ఉండటం దీనికి ఒక కారణం. చీటీ మీద 'లేటరల్ సెఫ్' అని రెండు మాటలు రాసి పంపుతారు. తల ఎలా నిలపాలో ఆ చీటీలో ఉండదు. యంత్రం కంపెనీ మనిషి వచ్చి నేర్పిన పద్ధతిలో టెక్నీషియన్ తీస్తాడు. ఫిల్ము మీద నిలువు గీత ఉండదు, ఉందా అని అడిగేవాళ్ళూ ఉండరు.

రెండో కారణం మన అలవాట్లది. మనకి ఎదుటిమనిషి తలని సరిచేయడం చాలా ఇష్టం. ఫొటో స్టూడియోలో "గడ్డం దించమ్మా, కొంచెం ఎడంకి, నవ్వు" అనకుండా పాస్‌పోర్ట్ ఫొటో పూర్తికాదు. పెద్దవాళ్ళ ముందు పిల్లలు తల వంచుకుని నుంచోవాలని నేర్పుతాం, డాక్టరు ముందు ఇంకా ఎక్కువ. పదమూడేళ్ళ ఆడపిల్ల తెల్లకోటు చూసి బెదిరి చూపు నేల మీద పెడుతుంది. తల ముందుకి ఒరిగితే గడ్డం వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది, పైపళ్ళు ఇంకా ఎత్తుగా అనిపిస్తాయి. అప్పుడు తీసిన పక్కవాటు ఫొటోలో ఆమెకి కింది దవడ చిన్నది. అదే పిల్ల వరండాలో తమ్ముణ్ణి కేకలేస్తున్నప్పుడు చూస్తే దవడ బాగానే ఉంటుంది. గడ్డం పైకెత్తి నుంచునే ధీమాగల కుర్రాడి విషయంలో ఇది తలకిందులు. అతని కింది దవడ నిజానికి వెనకబడి ఉన్నా ఫొటోలో సరిపోయినట్టే ఉంటుంది. కోపెన్‌హాగెన్‌లో పిల్లని ఊపిరి పీల్చుకోనిచ్చి, తల ఊపుకోనిచ్చి, ఎక్కడ ఆగుతుందో చూస్తారు. మనం ఎక్కడ ఆగాలో చెబుతాం.

నిలువుని బయటి నుంచి తెచ్చుకోవడం మనకి పరాయి ఆలోచన కాదు. శిల్పశాస్త్రంలో బ్రహ్మసూత్రం అనే నిలువు దారం ఉంది. విగ్రహం నడుమ నుంచి దిగే ఆ దారానికి ఏ అంగం ఎంత పక్కకి జరగాలో లెక్క ఉంటుంది. సమభంగంలో శరీరం దానికి ఇరుపక్కలా సమంగా ఉంటుంది, ఆభంగంలో కాస్త వంగుతుంది, త్రిభంగంలో మూడుచోట్ల వంగుతుంది. విగ్రహాలు పోసే శిల్పులకి తెనాలిలో కొదవ లేదు. శిల్పికీ డాక్టరుకీ తేడా ఉంది, నిజమే. శిల్పి ముఖాన్ని తన లెక్కకి తగ్గట్టు చేస్తాడు, డాక్టరు ఎదుట ఉన్న ముఖాన్ని ఉన్నట్టు చదవాలి. అయినా ఇద్దరికీ కావలసిన దారం ఒకటే. దంతవైద్యంలో దాన్ని తిరిగి గట్టిగా నిలబెట్టినవాడు అమెరికా సర్జన్ ఆర్నెట్. 1990ల్లో ఆయన సహజంగా నిలిపిన తల మీద ముక్కు కింది బిందువు గుండా ఒక నిలువు గీత దించి, పెదవులూ గడ్డమూ ఆ గీతకి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయో లెక్కపెట్టే పద్ధతి ఇచ్చాడు. దవడ సర్జరీ ప్రణాళికల్లో ఇప్పుడది బాగా వాడుకలో ఉంది.

ప్రమాణాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డౌన్స్ 1948లో ఇచ్చిన తొలి పట్టీకి ఆధారం 12 నుంచి 17 ఏళ్ళ అమెరికన్ తెల్లజాతి పిల్లలు 20 మంది. ఇరవై మందే! మన దేశంలో 1964లో కోటక్ ఇక్కడి పిల్లల కొలతలు ప్రచురించాడు, 1969లో నందా సోదరులు ఉత్తర భారతీయుల కొలతలు ప్రచురించారు. తెలుగునాట దంత కళాశాలల్లోనూ సిద్ధాంత వ్యాసాలు వస్తున్నాయి. కానీ తెనాలిలో చేతికిచ్చే సెఫ్ రిపోర్టులో 'సాధారణం' అన్న గడిలో కనిపించేది తరచుగా ఆ పాత అమెరికా అంకే, సాఫ్ట్‌వేర్ ముందుగా నింపి పెట్టినది. మన పెదవులు సగటున వాళ్ళకంటే కాస్త నిండుగా ఉంటాయి. ఆ గడితో పోల్చితే సగం ఊరికి మూతి ముందుకి ఉన్నట్టే లెక్క తేలుతుంది. హాంకాంగ్ వాళ్ళు తమ పిల్లల్ని కొలిచి తమ గడి నింపుకున్నారు. దానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, ఓపిక కావాలి.

తల నిలిపే తీరు కొలతకి ఆధారం మాత్రమే కాదు, ఒక్కోసారి రోగం గురించిన కబురు కూడా. ముక్కు వెనక అడినాయిడ్లు పెరిగి గాలి సరిగ్గా ఆడని పిల్లలు నోటితో ఊపిరి తీస్తారు, తల కాస్త వెనక్కి వాలుస్తారు. సోలో, టాల్‌గ్రెన్ 1976లో 120 మంది డేనిష్ యువకుల్ని చూసి, మెడ మీద తల వెనక్కి వాలినవాళ్ళలో ముఖం ముందుభాగం పొడుగ్గా, కింది దవడ ఏటవాలుగా ఉండే ధోరణి ఉందని రాశారు. మరుసటి ఏడు సోలో, క్రైబోర్గ్ ఒక ఊహ ముందుకి తెచ్చారు. తల వెనక్కి వాలితే ముఖం మీది చర్మమూ కండలూ సాగి, పెరుగుతున్న ఎముకల్ని వెనక్కి అదుముతాయని. ఊహని ఊహగానే తీసుకోవాలి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంకా తేలని వాదం. డాక్టరుకి పనికొచ్చే సంగతి వేరే ఉంది. నోరు తెరుచుకుని, తల వెనక్కి వేసి నుంచున్న పిల్లని చూసినప్పుడు "గడ్డం దించు" అంటే ఆ కబురు చెరిపేసినట్టే. దించమనకుండా ఒక్క క్షణం చూసి, చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించమని రాస్తే బాగుంటుంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఆ విభాగం ఉంది, ఖర్చూ లేదు.

విదేశాల్లో మాత్రం అంతా సవ్యంగా ఉందని కాదు. సహజ స్థితి అందరిలోనూ సహజంగా దొరకదు. మెడ పట్టేసినవాళ్ళు, మెల్లకన్నువాళ్ళు, ముఖం ఒకవైపు పెరిగి ఆ వంకర కనపడకుండా తల పక్కకి వంచి నుంచోవడం అలవాటైనవాళ్ళు ఉంటారు. వాళ్ళ విషయంలో అద్దం అబద్ధం చెబుతుంది. స్వీడన్‌లో లుండ్‌స్ట్రోమ్ బృందం ఇలాంటి కేసుల కోసం, పిల్ల నుంచున్న తీరుని అనుభవం ఉన్న డాక్టరు కంటితో చూసి, పక్కవాటు ఫొటోని తగిన వాలులో తిప్పుకోవచ్చని చూపింది. అంటే అక్కడ కూడా చివరి మాట యంత్రానిది కాదు. త్రీడీ సీబీసీటీ స్కాన్‌లు వచ్చాక ఈ చిక్కు మళ్ళీ మొదటికొచ్చింది. చాలా యంత్రాల్లో మనిషి కూర్చుని గడ్డం ఒక ఆనిక మీద పెట్టాలి, కొన్నింటిలో పడుకోవాలి. పడుకున్న తలకి నిలువేది? హ్యూస్టన్ సర్జన్లు ముఖానికి ఒక చిన్న డిజిటల్ సెన్సర్ తగిలించి, నిలబడ్డప్పటి వాలుని అంకెల్లో నమోదు చేసి, తర్వాత స్కాన్‌ని కంప్యూటర్‌లో అంతే వాలుకి తిప్పే పద్ధతి తయారుచేశారు. అంతకుముందు 1983లోనే అమెరికాలో షోఫెటీ బృందం, తాపీ మేస్త్రీ రసమట్టంలో ఉన్నట్టు, బుడగ ఉన్న చిన్న పరికరాన్ని కణతకి అంటించి ఇదే పని చవగ్గా చేసింది.

మన దగ్గర మొదలుపెట్టడానికి సెన్సర్ కూడా అక్కర్లేదు. ఎక్స్‌రే యంత్రం మార్చనక్కర్లేదు, అసలు కొత్త ఎక్స్‌రే తీయనక్కర్లేదు. డాక్టరు గదిలో ఒక గోడ పక్కన పైనుంచి గుండు కట్టిన దారం వేలాడదీయాలి. ఎదురుగోడకి, పిల్ల తన కళ్ళు తాను చూసుకునే ఎత్తులో, ఒక అద్దం తగిలించాలి. నేల మీద పాదాల గుర్తు. పిల్ల నాలుగడుగులు అక్కడికక్కడే నడిచి, తల రెండుసార్లు ఊపి, అద్దంలోకి చూస్తుంది. ఫోనుతో పక్కవాటు ఫొటో తీస్తే దారం కూడా అందులో పడుతుంది. ఫోను ముఖం ఎత్తునే ఉండాలి, పైనుంచీ కిందనుంచీ కాదు. ఇక ఆ ఫొటోలో ముక్కు మొన నుంచి గడ్డానికి గీసిన గీత దారంతో ఎంత కోణం చేస్తోందో చూసి, సెఫ్‌లో అదే గీత అదే కోణానికి వచ్చేలా బొమ్మని తిప్పితే చాలు, ఎక్స్‌రేకి నిలువు దొరికినట్టే. మంచి ట్రేసింగ్ సాఫ్ట్‌వేర్లలో బొమ్మ తిప్పే వీలుంది. ఇంత చేశాక స్టైనర్ 82, 80 అంకెలు కూడా పక్కన ఉంచుకోవచ్చు. ఇంటి పెద్దల్ని అడిగినట్టు వాటినీ ఒక మాట అడుగుతాం, తీర్పు మాత్రం వాటికి వదిలిపెట్టం.

ఎక్స్‌రే సెంటర్ వాళ్ళకి కావలసింది చీటీ మీద ఇంకో వాక్యం: అద్దంలోకి చూస్తూ, తల సరిచేయకుండా, గొలుసు వేలాడదీసి తీయండి. అడిగే డాక్టర్లు నలుగురైతే సెంటరు తప్పకుండా గొలుసు కొంటుంది, వ్యాపారం కదా. తల్లిదండ్రులు కూడా ఒక పని చేయవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు పిల్లని ముస్తాబు చేసి "తల దించుకుని బుద్ధిగా కూర్చో" అని చెప్పడం ఆ ఒక్కరోజుకి మానుకోవచ్చు.

కళాశాలలది ఇంకాస్త పెద్ద పని. ఎండీఎస్ మూడేళ్ళ చదువు, ప్రతి విద్యార్థీ ఒక సిద్ధాంత వ్యాసం రాయాలి. మొదటి ఏడు రేపల్లె, భట్టిప్రోలు, వేమూరు బడుల్లో పన్నెండేళ్ళ పిల్లలకి దారం పక్కన ఫొటోలు తీయవచ్చు. దానికి ఎక్స్‌రే అక్కర్లేదు కనక పిల్లలకి రేడియేషన్ భయం లేదు, తల్లిదండ్రుల అనుమతి తీసుకుంటే చాలు. మూడో ఏడు అదే పిల్లల్ని మళ్ళీ పిలిచి తీయాలి. ఆ ఫొటోల్ని విద్యార్థి పెన్‌డ్రైవ్‌లో కాక శాఖ రికార్డులో ఉంచితే, తర్వాత వచ్చే విద్యార్థి ఐదేళ్ళకి మూడోసారి తీస్తాడు. హాంకాంగ్ వాళ్ళ 2.2 పక్కన పెట్టి చూసుకోవడానికి కృష్ణా డెల్టా పిల్లల అంకె ఒకటి అప్పటికి మన చేతిలో ఉంటుంది. అది 2 అవుతుందో 3 అవుతుందో ఇప్పుడే చెప్పలేం.